చెప్పకుండా చల్లిన నీళ్లు

మొన్న మా కోడలు బజారు నుంచి ఎండుమిరపకాయలు తెచ్చి వంటింటి గట్టు మీద పోసింది. అలవాటు కొద్దీ ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని వంచాను. ఫటుక్కున విరిగి గింజలన్నీ ఒళ్లో రాలాయి. "బాగా ఎండాయి అత్తయ్యా, ఏరి మరీ తెచ్చాను" అంది, మెచ్చుకుంటానని. నేను మెచ్చుకోలేదు. మెచ్చుకోవలసిన చోట మూతి బిగించడం అత్తగార్ల జన్మహక్కని ఆ పిల్ల అనుకుని ఉంటుంది గానీ, నా ఇబ్బంది వేరు. మంచి మిరపకాయ విరగకూడదు. అలాగని తడిసిన తాడులా వేలాడకూడదు. వంచితే వంగాలి, వదిలితే మళ్లీ నిలబడాలి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. ఈ పాఠం నాకు చెప్పింది మా మామ్మ. సొంత మామ్మ కాదు, మా పొరుగింటి సాయిబుల మామ్మ. ఆవిడ కళ్లంలో ఒక పొద్దున జరిగిన గొడవ పుణ్యమా అని నేను గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో తత్త్వశాస్త్రం పాఠాలు చెప్పి, ఇవాళ పింఛను తింటూ కూర్చున్నాను. మిరపకాయలకీ తత్త్వశాస్త్రానికీ ఏమిటి చుట్టరికం అని మా కోడలు అడిగింది. పప్పులోకి తిరగమాత వేస్తూ వినేంత చిన్న కథ కాదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు ప్రత్తిపాడుకి కాస్త దిగువన, నల్లరేగడి నేల. వానొస్తే కాలిచెప్పు లాక్కుంటుంది, ఎండొస్తే కాలు ఇరుక్కునేంత నెర్రెలిస్తుంది. ప్రత్తి, మిరప తప్ప మరొకటి వేస్తే ఆ నేల అలుగుతుందని మా నాన్న అనేవాడు. మా పొలానికి ఆనుకునే సాయిబుల పొలం. రెండు పొలాలకీ కలిపి ఒకటే కళ్లం, అంటే మిరపకాయలు ఆరబోసుకోవడానికి అలికి చదును చేసిన జాగా. దాని నడుమ ఒక కొబ్బరితాడు పరిచి ఉండేది. తాడుకి ఇటు మా కాయ, అటు వాళ్ల కాయ. ఆ తాడుని గాలి జరిపేది, కోళ్లు జరిపేవి, ఆటల్లో పిల్లలం జరిపేవాళ్లం. దాని గురించి తగువు వచ్చిందని నేనెప్పుడూ వినలేదు. ఆ ఇంటి పెద్దావిడే మామ్మ. సన్నగా పొడుగ్గా ఉండేది, తల మీద తెల్లకొంగు, చేతిలో జపమాల, రోడ్డు మీద పోయే బస్సుని కళ్లంలోంచి ఆపగల గొంతు. చిన్నతనంలోనే భర్త పోతే పొలం తనే చూసుకుంది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు మా నాన్నతో గోళీలాడినవాడు, గుంటూరు కాలేజీలో తత్త్వశాస్త్రం మాస్టారు. పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం బస్సులో వచ్చేవాడు. పెళ్లి మాటెత్తితే పుస్తకాల బీరువా చూపించేవాడు. ఆయన మాకు బాబాయి.

మా రెండిళ్లకీ ఒక వింత అలవాటు ఉండేది. ఏకాదశినాడు మా అమ్మ ఉపవాసం ఉంటే, ఆ పూట మా గేదెకి కుడితి ఎవరు పెట్టారో, పెరట్లో ఆరేసిన బట్టలు ఎవరు తీసి మడతపెట్టారో ఎవరికీ తెలిసేది కాదు. అంటే అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు. రంజాను నెల వస్తే వంతు మారేది. మామ్మ రోజా ఉపవాసాలు ఉన్నన్నాళ్లూ వాళ్ల నీళ్ల తొట్టి దానంతటదే నిండేది, వాకిలి దానంతటదే ఊడ్చుకునేది. కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియకూడదన్నది మామ్మ నమ్మకం. చేసిన మంచి చెప్పుకుంటే, దేవుడి దగ్గర దాచుకున్నది తీసి లోకానికి పంచిపెట్టినట్టే అనేది. చెప్పుకున్న పుణ్యం ఉప్పులా కరిగిపోతుందని మా అమ్మ కూడా అనేది. చిన్నప్పుడు ఒకసారి నేను నోరు జారి, "మామ్మా, నీ తొట్టి నింపింది మా అమ్మే" అనేశాను. మామ్మ విననట్టు జపమాల తిప్పుకుంది. ఇంటికొచ్చాక మా అమ్మ పెట్టిన తొడపాశం నాకు ఇంకా గుర్తు. మంచి పని గురించి చెప్పినందుకు దెబ్బలు తిన్న పిల్లని ఆ చుట్టుపక్కల నేనొక్కతెనే అనుకుంటాను.

బాబాయి మాత్రం చెప్పకుండా ఏదీ ఉంచుకునేవాడు కాదు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ల అరుగు మీద కూర్చుని, వినేవాళ్లుంటే మాకు, లేకపోతే స్తంభానికి పాఠం చెప్పేవాడు. వెనకటి ముస్లిం తత్త్వవేత్తలు గ్రీకుల పుస్తకాలు అరబ్బీలోకి తెచ్చుకుని, వాటిలోంచి నాలుగు గుణాలు ఏరుకున్నారట. వివేకం, ధైర్యం, నిగ్రహం, న్యాయం. ఇవి బుద్ధితో తెలుసుకుని అభ్యాసంతో అలవరచుకునేవి. ప్రతి గుణమూ రెండు అతుల నడుమ ఉంటుంది. పిరికితనానికీ తెగింపుకీ నడుమ ధైర్యం, పిసినారితనానికీ దుబారాకీ నడుమ దానగుణం. మతం చెప్పిన గుణాలది మరో వరస. ఓర్పు, కృతజ్ఞత, భారమంతా దేవుడి మీద వేయడం, అన్నిటికన్నా ముందు నియ్యత్, అంటే చేసే పని వెనక ఉండే సంకల్పం. ఈ రెండు వరసలూ ఒకటేనా, వేరువేరా, ఒకటి లేకుండా రెండోది నిలుస్తుందా అని ఆ పెద్దలు తరాల తరబడి తర్జనభర్జన పడ్డారట. బుద్ధే చాలునన్నవాళ్లు కొందరు. బుద్ధి గుమ్మం దాకా తీసుకెళ్లి ఆగిపోతుంది, లోపలికి నడిపించేది మతమేనన్నవాళ్లు కొందరు. నమాజూ రోజా అనేవే మనసుకి కసరత్తు, గుణాలు వాటితోనే పట్టుబడతాయన్నవాళ్లు మరికొందరు. బాబాయిది మొదటి జట్టు. పండితుడు తర్కంతో తెలుసుకున్న నీతినే మతం మామూలు జనానికి బొమ్మలు గీసి చూపిస్తుందని ఆయన సిద్ధాంతం.

ఈ మాట విన్నప్పుడల్లా లోపల బియ్యం ఏరుకుంటున్న మామ్మ చేట ఆగిపోయేది. "అంటే నేను బొమ్మల పుస్తకం చదువుకునే పిల్లనట్రా?" అని అక్కడి నుంచే అడిగేది.

"నిన్ను కాదమ్మా, మామూలు జనాన్ని అన్నాను."

"మామూలు జనం అంటే ఎవర్రా? నీకు వేళకి అన్నం పెట్టేవాళ్లేగా."

మాకు నవ్వొచ్చేది. మామ్మకి వచ్చేది కాదని నాకు తర్వాత తెలిసింది. ఖురాను అర్థంతో సహా చదువుకున్న మనిషి ఆవిడ. ఎంత ఎండలోనైనా నమాజు వేళకి పలుగు పక్కన పెట్టి, ఆ వెంటనే వచ్చి మళ్లీ పలుగు పట్టుకున్న మనిషి. కడుపున పుట్టినవాడే ఆ బతుకంతా బొమ్మల పుస్తకం అంటుంటే ఆవిడకి నొప్పిగా ఉండేది. ఆ పూట బాబాయి కంచంలో కూర తగ్గేది. ఆయన తత్త్వవేత్త కనక గమనించేవాడు కాదు.

అయితే మాకు బాబాయి అంటే ప్రాణం. దానికి కారణం వసారా బడి. మసీదు పక్కన పాడుపడ్డ వసారా ఒకటి ఉంటే, పెద్దల్ని అడిగి తాళంచెవి తీసుకుని, దాన్ని బాగుచేయించి, అందులో ఆడపిల్లలకి లెక్కలూ ఇంగ్లీషూ చెప్పేవాడు. మొదట సాయిబుల పిల్లలు వచ్చారు, తర్వాత మా రైతుల ఇళ్ల పిల్లలం చేరాం. ఎనిమిదో తరగతితో మా చదువులు అయిపోయినట్టే లెక్క. ఆడపిల్లని బస్సెక్కించి పైచదువుకి పంపడమా అని మా ఇళ్లలో అందరిదీ ఒకటే మాట. ఊళ్లోనే, నలుగురూ తిరిగే చోట, కళ్లెదుట వసారా కనక పంపారు. మెట్రిక్ ప్రైవేటుగా కట్టాలని నాకొక పెద్ద ఆశ. వసారా ఉంటే పరీక్ష ఉంది, లేకపోతే నాకు పెళ్లిచూపులున్నాయి. పరీక్షకి ఇంకా కొద్దినెలలే ఉన్నాయి.

అలాంటి రోజుల్లో, అరవైల మొదట్లో, రంజాను మిరప కోతల్లోకి వచ్చిన ఏడు, బాబాయి మా ఊరి గ్రంథాలయంలో మాట్లాడాడు. మా వైపు ఆ రోజుల్లో గ్రంథాలయం లేని ఊరూ, అందులో వాదన లేని సాయంత్రమూ ఉండేవి కావు. మా నాన్నా, కాఫీ హోటలు దగ్గర కూర్చునే ఆయన జట్టూ హేతువాదులు. వాళ్లే పట్టుబట్టి 'మతం లేకుండా నీతి నిలుస్తుందా' అని సభ పెట్టారు. బాబాయి లేచి, నమాజు చదవనివాడిలోనూ న్యాయం ఉండొచ్చు, చదివేవాడిలోనూ లేకపోవచ్చు, నీతికి మూలం బుద్ధి, మతం దానికి పూసిన రంగు అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది మా నాన్న. ఆ చప్పట్లు మసీదు ముతవల్లీ గారి చెవిన పడ్డాయి. ముతవల్లీ అంటే మసీదు ఆస్తుల బాగోగులు చూసే పెద్దమనిషి. చెడ్డవాడని రాయలేను. ఊళ్లో ఎంత బీదవాడు పోయినా పాడెకి మొదటి భుజం ఆయనదే. కానీ పట్టుదల మనిషి. పిల్లల లేత మనసులు ఇలాంటి మాటల మధ్య ఉండకూడదని తీర్మానించి, శుక్రవారం పొద్దున వచ్చి తాళంచెవి తీసుకుంటానని కబురు పంపాడు.  బాబాయి నవ్వేశాడు గానీ, ఆ నవ్వు ఆయన ముఖానికి అతకలేదు. మామ్మ ఆ వారమంతా కొడుకుతో మాట్లాడలేదు. వసారా పోతుందని దిగులు ఒక పక్క, పూసిన రంగు అన్నందుకు కోపం ఒక పక్క.

ఆ శుక్రవారం పొద్దునే మామ్మ కాయ బస్తాలకెత్తాలి. ఎండిన కాయని ఉన్నదున్నట్టుగా బస్తాలో తొక్కితే పొడిపొడి అయిపోతుంది. అందుకని ముందురోజు సాయంత్రం వేపమండతో కుప్ప మీద నీళ్లు చిలకరించి, గోనెపట్టాలు కప్పి, తెల్లారాక తొక్కుతారు. నీళ్లు తక్కువైతే కాయ విరుగుతుంది. ఎక్కువైతే బూజు పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. బరువు కోసం నీళ్లు ఎక్కువ కొట్టే దొంగ బుద్ధులు అక్కడక్కడ ఉండేవి కనక, తడికాయతో దొరికినవాడి పరువు గుంటూరు యార్డులో ఇక లేచేది కాదు. గురువారం నాడు మామ్మ సాయంత్రం నమాజు చేసుకుని, కూలీల్ని రోజా విడవడానికి ఇళ్లకి పంపేసి, ఒక్కతే కుప్పకి నీళ్లు చల్లి, కప్పి, ఇంటికెళ్లింది. పొద్దు గుంకేవేళ మా అమ్మ కుప్పని చూసి, మంచుకి పట్టా కప్పారే గానీ నీళ్లు ఇంకా చల్లలేదనుకుంది. పాపం, పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టని పెద్దావిడ మళ్లీ వచ్చి చల్లుకోవాలా అనుకుని, గుట్టుచప్పుడు కాకుండా వెళ్లి, పట్టా తీసి, కొలతగా చల్లి, కప్పేసి వచ్చింది. కాసేపటికి బస్సు దిగిన బాబాయి అటు నుంచే ఇంటికి పోతూ ఆగాడు. వారం రోజులుగా తనతో మాట్లాడని తల్లికి ఈ పనైనా చేసిపెడదామనుకున్నాడు. పట్టా తీశాడు, చల్లాడు, కప్పాడు. చిలకరించిన నీళ్లు పైన నిలవవు, లోపలికి దిగిపోతాయి. మసక వెలుతురులో ఎండుకాయా తడికాయా ఒక్కలాగే ఎర్రగా మెరుస్తాయి. మా అమ్మా బాబాయీ మంచి పని చేశామని, ఎవరికీ చెప్పలేదని, మామ్మ తన పని తీరిందని, ముగ్గురూ హాయిగా నిద్రపోయారు.

తెల్లారి ఎండ వచ్చేసరికి ముతవల్లీ గారు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని కళ్లంలోకే వచ్చాడు. మా నాన్న తన జట్టుతో ఎదురొచ్చాడు. రోజా ఉన్నవాళ్ల ముందు గ్లాసులు పట్టుకుని నిలబడటం బాగుండదని కాఫీలు హోటల్లోనే తాగేసి వచ్చారు. హేతువాదులకీ మర్యాద ఉంటుంది. వసారా పిల్లలం తాడుకి ఇవతల గుంపుగా నిలబడ్డాం. బాబాయి జేబులోంచి తాళంచెవి తీసి చేతిలో పట్టుకున్నాడు. ముతవల్లీ గారు దాన్ని అందుకునే ముందు, మా ప్రాంతంలో పుట్టిన ఎవరి చెయ్యైనా చేసే పనే ఆయన చెయ్యీ చేసింది. పట్టా కిందికి వెళ్లి ఒక కాయ తీసింది. చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. చప్పుడు లేదు. ఇంకోటి తీశాడు. అది వేలికి చుట్టుకుంది. పట్టా మొత్తం లాగేసరికి కుప్పలోంచి ఆవిరి లేచింది.

"మాస్టారూ, దేవుడి భయం అక్కర్లేదు, బుద్ధే నీతి నేర్పుతుందన్నారు" అన్నాడు నెమ్మదిగా. "నేర్పింది కనపడుతూనే ఉందండి."

మా నాన్న ముఖం మిరపపండైంది. బాబాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నీళ్లు చల్లింది నేనేనండి. కానీ చల్లాల్సినంతే చల్లాను" అన్నాడు.

"అదేంటి మరిదిగారూ, నేనూ చల్లాను కదా" అంది మా అమ్మ, అని నాలిక కరుచుకుంది.

మామ్మ ముందు మా అమ్మ వంక, తర్వాత కొడుకు వంక చూసింది. "నమాజు అయ్యాక నేనే చల్లి కప్పి వెళ్లాను కదట్రా" అంది.

 మా నాన్న పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. "ఒరేయ్, మీ ముగ్గురి పుణ్యం కలిసి మిరపకాయలకి గంగాస్నానం చేయించింది కదరా" అన్నాడు. పిల్లలం నవ్వాం, హోటలు జట్టు నవ్వింది, ముతవల్లీ వెంట వచ్చిన పెద్దల్లో ఒకాయన తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. ముతవల్లీ గారు మాత్రం నవ్వలేదు. "పొరపాటే అయితే మంచిదే. తాళంచెవి సంగతి వేరు" అని చెయ్యి చాపాడు.

బాబాయి తాళంచెవి ఇవ్వలేదు. తడికాయ ఒకటి తీసుకుని చూస్తూ నిలబడ్డాడు. నేను ఆయన పాఠాలు ఎన్నో విన్నాను, తర్వాత కాలేజీలో ఆయన దగ్గరే చదివాను, కానీ అంత బాగా మాట్లాడటం మళ్లీ వినలేదు. "పోయినవారం నేను చెప్పింది సగమేనండి" అన్నాడు. "ఇక్కడ బుద్ధి తక్కువైనవాళ్లు ఎవరూ లేరు. ఎంత నీళ్లు చల్లాలో మా అమ్మకి తెలుసు, వదినకి తెలుసు, నాకూ తెలుసు. బుద్ధి ఒక్కటే ఉంటే ఏమయ్యేది? వదిన తన పొయ్యి తను వెలిగించుకునేది. నేను బస్సు దిగి కాళ్లు కడుక్కుని పడుకునేవాణ్ణి. ఎంత చల్లాలో చెప్పింది బుద్ధే గానీ, పక్కవాళ్ల కుప్ప దగ్గరికి నడిపించింది అది కాదు. నడిపించింది మా అమ్మ నేర్పిన నియ్యత్. దాన్ని నేను పూసిన రంగు అన్నాను, బొమ్మల పుస్తకం అన్నాను. నలుగురిలో అన్నాను కనక నలుగురిలోనే వెనక్కి తీసుకుంటున్నాను." చివరి మాట అంటున్నప్పుడు ఆయన ముతవల్లీని చూడటం లేదు. మామ్మ చేతిలో జపమాల ఆగిపోయింది. ఆవిడ కళ్లు తుడుచుకుంటే కారం పడిందేమో అనుకున్నాను, కాదు.

ఇక్కడితో ఆగి ఉంటే అది తల్లీకొడుకుల కథ అయ్యేది, వసారా పోయేది. మామ్మ ఆగలేదు. "ఇప్పుడూ సగమే చెప్పావురా" అంది. "మంచి చెయ్యమన్న దేవుడే ఒకర్నొకరు అడిగి చెయ్యమని కూడా అన్నాడు. మష్వరా. దాచుకోమన్నది మా చెవికి ఎక్కింది, అడగమన్నది ఎక్కలేదు. నలుగురూ కూర్చుని ఏది ఎంత అని మాట్లాడుకుంటారే, నీ తర్కమూ నా నమాజూ కలిసేది అక్కడరా." తర్వాత ముతవల్లీ వైపు తిరిగింది. "తమ్ముడూ, నువ్వు ఈ తాళంచెవికి వస్తూ ఎవర్ని అడిగావు?"

"పెద్దల్ని అడిగాను ఆపా."

"ఆ వసారాలో కూర్చునే పిల్లల్ని అడిగావా? వాళ్ల తల్లుల్ని అడిగావా?"

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వూ పిల్లలకి మంచి జరగాలనే వచ్చావు. నీ నియ్యత్ నాకు తెలుసు. మేమూ మంచి జరగాలనే చల్లాం. కుప్ప ఏమైందో చూశావుగా" అంది మామ్మ.

 ముతవల్లీ గారు చేతిలో తడికాయని చాలాసేపు నలిపాడు. తర్వాత మా గుంపు వైపు చూసి, ముందు నిలబడ్డాను కనక నన్నే పిలిచాడు. "ఏమ్మా, మాస్టారు వసారాలో మీకేం చెబుతాడు?"

నాకు అంతమంది మగవాళ్ల ముందు నోరు విప్పడం అదే మొదలు. అయినా తడబడకుండా చెప్పాను. ఇప్పటికీ దానికి నాకు గర్వమే. "లెక్కలు, ఇంగ్లీషు చెబుతారండి. మొదలెట్టే ముందు ఎవరి దేవుడికి వాళ్లు దణ్ణం పెట్టుకోమంటారండి" అన్నాను.

"దేవుడు లేడని ఎప్పుడైనా చెప్పాడా?"

"లేదండి. లెక్క తప్పు చేసి దేవుడి మీదకి తోయొద్దని మాత్రం చెప్పారండి."

అప్పుడు నవ్వాడు ముతవల్లీ గారు. నవ్వుతూనే బాబాయి చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాడు.  దాన్ని తీసుకెళ్లి మామ్మ చేతిలో పెట్టాడు. "ఇది మీ దగ్గర ఉండనీండి ఆపా. కొడుకు దగ్గరుంటే మళ్లీ ఎక్కడో ఉపన్యాసం చెబుతాడు" అన్నాడు. పిల్లలం పెట్టిన కేకకి తాడు దగ్గర మేస్తున్న కోళ్లు చెల్లాచెదురయ్యాయి. మా నాన్న బాబాయిని ఎత్తి గిరగిరా తిప్పేశాడు. తత్త్వవేత్త కళ్లజోడు ఊడి మిరపకాయల్లో పడింది.

"గెంతింది చాలుగాని, ముందు ఇవి ఎండాలి" అని లుంగీ ఎగగట్టి కుప్పలోకి మొదట దిగింది ముతవల్లీ గారే. కొబ్బరితాడు తీసి అవతల పారేశారు. మా సగమూ వాళ్ల సగమూ కలిపి కళ్లం అంతా ఎర్రగా పరిచేశాం. మసీదు పెద్దలూ హేతువాదులూ వరసగా వంగి కాయ పలచగా పరుస్తూ తుమ్మిన తుమ్ములు ఊరి చివరికి వినపడ్డాయి. రోజా ఉన్నవాళ్లు తుమ్మాక నీళ్లు తాగలేరు, వాళ్లని చూసి మా నాన్న జట్టు కూడా తాగలేదు. ఆ మధ్యాహ్నం శుక్రవారం నమాజులో కూడా మధ్యమధ్య తుమ్ములు వినిపించాయని చెప్పుకున్నారు. దేవుడు పట్టించుకుని ఉండడు, ఆ ఘాటు దేనిదో ఆయనకి తెలుసు.

ఎండలు బాగా కాశాయి, కాయ నిలబడింది. మళ్లీ నీళ్లు చల్లే సాయంత్రం వచ్చింది. ఈసారి మామ్మే చల్లి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "చల్లానహో" అని కేకేసింది. మా ఇంట్లోంచి మా అమ్మ "విన్నానహో" అంది. బస్సు దిగిన బాబాయి కళ్లం దగ్గర ఆగి, "చల్లావా అమ్మా?" అని అడిగి మరీ ఇంటికెళ్లాడు. అప్పటి నుంచి మా రెండిళ్లలో అదే పద్ధతి. అంత పట్టింపుగల మామ్మ కూడా తన నియమానికి చిన్న సవరణ చేసింది. మిగతా మంచి పనులు ఎడమచేతికి తెలియనక్కర్లేదట, మిరపకాయల దగ్గర మాత్రం రెండు చేతులకీ తెలియాలట. ఇక బాబాయి కంచంలో కూర ఎప్పుడూ తగ్గలేదు. ఈసారి ఆయన గమనించాడు. ఆ ఏడు మెట్రిక్ కట్టిన వసారా పిల్లలం అందరం గట్టెక్కాం. ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు మసీదు మెట్ల మీద నిలబడి మిఠాయి పంచింది ముతవల్లీ గారే. "నేను అడిగి చేశాను కనకే పాసయ్యారు" అని ప్రతివాడికీ చెప్పాడు. ఆయనకి అలా అనే హక్కుంది. ఆ తర్వాత నేను గుంటూరు కాలేజీకి వెళతానంటే మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు, మామ్మ చెప్పనివ్వలేదు.

కాలేజీలో నా దగ్గరికి ఏటేటా పిల్లలు వచ్చి, మతం చెప్పిన గుణాలు గొప్పవా, బుద్ధి చెప్పిన గుణాలు గొప్పవా అని అడిగేవాళ్లు. పుస్తకాల్లో ఉన్న వాదాలన్నీ చెప్పి, చివర్లో ఎండుమిరపకాయ ఒకటి ఇచ్చి వంచమనేదాన్ని. నాకు కాస్త తిక్క అని పేరు వచ్చింది, వస్తే వచ్చింది. మామ్మా లేదు, బాబాయీ లేడు, మా అమ్మా లేదు. ఆ కళ్లం ఉన్న చోట ఇప్పుడు ఎవరివో ఇళ్లు. మొన్న కోడలు తెచ్చిన కాయల మీద నేను నాలుగు చుక్కలు చిలకరించి, గుడ్డ కప్పి, హాల్లోకి వినపడేలా "చల్లానహో" అన్నాను. "అది కూడా చెప్పాలా అత్తయ్యా?" అని నవ్వింది ఆ పిల్ల. చెప్పాలమ్మా అన్నాను. కాలం నన్ను ఎన్నాళ్లు ఎండబెట్టిందో నేను లెక్క పెట్టుకోలేదు, విరిగిపోకుండా నా మీద తడి చల్లినవాళ్లని మాత్రం ఈ రోజుకీ వరసపెట్టి చెప్పగలను.